1758 నాటి విశాఖపట్టణ రాజ్యవిప్లవము: కారణములు, ఫలితములు

1758లో విశాఖపట్టణమున ఫ్రెంచివారి అధికారము అంతరించెను. దానిని తొలగించినవారు ఆంగ్లేయులు కారు. విజయనగర ప్రభువగు ఆనందగజపతిరాజు. ఇది ప్రజలు లేచి చేసిన విప్లవము కాదు. అయినను ఉత్తర సర్కారుల ప్రభుత్వస్వరూపమునే మార్చినది గావున దీనిని రాజ్యవిప్లవమని మేము వ్యవహరించుచున్నాము.

దీనికి మూలకారణము మొగలు సామ్రాజ్య శైథిల్యము. 1707లో ఔరంగజేబు మరణించిన పిదప దక్కనులో ఢిల్లీ ఆజ్ఞ క్రమముగా నామమాత్రమయ్యెను. 1748లో నిజాముల్ముల్కు గతింపగా వారసత్వపు పోరు చెలరేగెను. ఫ్రెంచి సేనల అండతో గద్దె నెక్కిన సలాబతుజంగు, ఆ సేనల జీతబత్తెములకై 1753లో ఈ సర్కారులను వారికి ఒసగెను.

తక్షణకారణము స్థానికమైనది. 1757 జనవరిలో పెదవిజయరామరాజు బుస్సీ సాయమున బొబ్బిలిని కూల్చి, కొలది దినములకే తాండ్ర పాపారాయనిచే హతుడయ్యెను. ఆ జూనులో, 1682 నుండి ఆంగ్లేయుల వర్తకస్థానమైన విశాఖను బుస్సీ పట్టుకొనెను. పూర్వికునికి దక్కిన ఆదరము తనకు దక్కలేదని వారసుడగు ఆనందరాజు ఆగ్రహించెను. 1758లో లాలీ బుస్సీని దక్షిణమునకు పిలిపింపగా, ఇతడు విశాఖను వశపరచుకొని ఆంగ్లేయుల తోడ్పాటు కోరెను. మదరాసువారు వెనుదీసిరి, క్లైవు కలకత్తానుండి కర్నలు ఫోర్డును ఓడలపై పంపెను. డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్టణము పడిపోయెను.

ఫలితములకు బీజము రాజునకును ఫోర్డునకును జరిగిన ఒడంబడికలోనే కలదు. జయించిన సీమలు రాజునకు; రేవులు, నదీముఖములందలి పట్టణములు కుంపిణీకి. పైకి రాజే లాభపడినట్లు తోచును. కాని ఫోర్డు సేన వచ్చినది సముద్రముమీదుగానే గదా! ఇల్లు ఒకరిది, వాకిలి మరొకరిది అయినపుడు ఇంటివాని స్వాతంత్ర్య మెంతకాలము నిలుచును? 1765లో షా ఆలము ఫర్మానా, 1766లో నిజాముతో సంధి ఈ సర్కారులను కుంపిణీపరము చేసెను. పేష్కషు బకాయిల తగవు ముదిరి, 1794 జూలైలో పద్మనాభము వద్ద చినవిజయరామరాజు కుంపిణీ సేనతో పోరి నేలకొరగెను. 1802లో శాశ్వత పరిష్కారము వచ్చెను. సేనాధిపతులైన జమీందారులు శిస్తు వసూలుదారులుగా మిగిలిరి.

ఆనందరాజును అదూరదర్శి యని నిందించుట సులభము. మా అభిప్రాయమున, క్షీణించిన సామ్రాజ్యమున జమీందారులందరు చేయుచుండిన పనినే అతడును చేసెను: గిట్టని అధిపతికి మారుగా మరియొక అధిపతిని తెచ్చుకొనెను. మునుపటి అధిపతులు పేష్కషుతో తృప్తిపడుచుండిరి. క్రొత్త అధిపతి సైన్యమును, శిస్తును, రేవును సైతము తన చేతికి తీసికొనెను. అతడు గ్రహింపలేకపోయినది ఈ భేదమునే.