బీరువాలో పాత పాస్‌పోర్టు

అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసి బయటికొచ్చేసరికి చేతిలో ఒక సర్టిఫికెట్, చిన్న జెండా ఉంటాయి. గ్రీన్ కార్డు అక్కడే తీసేసుకుంటారు. ఇంట్లో బీరువాలో ఇండియన్ పాస్‌పోర్టు మాత్రం ఇంకా ఆరేళ్ల గడువుతో భద్రంగా ఉంటుంది. చిక్కంతా దానితోనే.

ఈ వ్యాసకర్త ఇంట్లో జరిగింది అదే. ప్రమాణం అయిన నాలుగో రోజున తెనాలి నుంచి వీడియో కాల్: నాన్నగారిని ఐసీయూలో చేర్చారు. మంచం, సెలైన్ సీసా, పక్కన చెల్లెలు, అన్నీ ఫోన్‌లో కళ్లెదుటే ఉన్నాయి. టికెట్ కూడా దొరికింది. పాత పాస్‌పోర్టుతో విమానం ఎక్కేద్దామనుకుంటుండగా ఒక లాయరు స్నేహితుడు ఆపాడు.

ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం దానంతటదే పోతుందని 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. ఎవరూ నోటీసు పంపరు. గడువు ఎంత మిగిలున్నా ఆ పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకూడదు. చేస్తే, తర్వాత దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు అందులోని ముద్రలే పట్టిస్తాయి, జరిమానా పడవచ్చు. చివరికి అత్యవసర అపాయింట్‌మెంట్‌తో అమెరికా పాస్‌పోర్టు, ఆపైన అత్యవసర వీసా సంపాదించి బయల్దేరేసరికి తొమ్మిది రోజులు పట్టింది. నాన్నగారు కోలుకున్నారు గానీ, ఆ తొమ్మిది రాత్రులూ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

అందుకే ఊళ్లో పెద్దవాళ్లున్నవారు ప్రమాణం మర్నాడే అమెరికా పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాలి. ఆ దరఖాస్తుతో పాటు అసలు పౌరసత్వ సర్టిఫికెట్ పంపక తప్పదు కాబట్టి ముందే ఫోటోకాపీలు తీసి దాచుకోవాలి. కొత్త పాస్‌పోర్టు వచ్చిన వెంటనే పాతదాని సరెండర్, ఆపైన ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు.

ఓసీఐ తొలి కార్డులు 2006 జనవరిలో హైదరాబాద్ ప్రవాసీ భారతీయ దివస్‌లోనే అందాయన్నది తెలుగువారికి గర్వకారణం. అయితే పేరులో సిటిజన్ ఉన్నా అది రెండో పౌరసత్వం కాదు. ఓటు లేదు. తాతల పొలం వారసత్వంగా రావచ్చు గానీ కొత్తగా పొలం కొనడానికి లేదు. అసెంబ్లీ ఫలితాలు ఇక్కడి హాల్లో నిమిషం ఆలస్యం లేకుండా చూస్తున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. దూరం తెలియకపోవడం వల్లే దేశం మారిందన్న సంగతి మనసుకెక్కదు.

ఇలా దూరం తెలియకుండా ఉండే వెసులుబాటు మారిషస్ తెలుగువారికి తరతరాలుగా లేదు. 19వ శతాబ్దంలో కూలీలుగా ఓడెక్కినవారి వారసులు వాళ్లు. పాస్‌పోర్టు మారిషస్‌ది, ఇంట్లో ఉగాది మనది, కొలిచేది సింహాద్రి అప్పన్నను. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి.

సరెండర్ చేసిన పాస్‌పోర్టు రద్దు ముద్రతో తిరిగి ఇంటికొస్తుంది. దాన్ని పారేయకండి. పుట్టిన ఊరు అన్నచోట ఉన్న పేరును పిల్లలచేత తెలుగులో రాయించి, ఆ ఊరు ఏ ఏటి ఒడ్డున ఉందో చెప్పండి.