కచేరికి తగిన కృతి

సంగీతము నేర్చుచున్న విద్యార్థి మొదటిసారి సభలో వాయించుట సామాన్యమైన విషయము కాదు. ఇంటిలో నూరుసార్లు తడబడక నడచిన వ్రేళ్లే సభలో వణకును. ఆ వణకును జయించుటకు సాధన యెంత యవసరమో, తగిన కృతిని ఎన్నుకొనుటయు నంత యవసరము. పాశ్చాత్య దేశములలోని సంగీత పాఠశాలలలో పియానో నేర్చు విద్యార్థులచేత అప్పుడప్పుడు కచేరి చేయింతురు. అందు ఒక్కొక్కరికి కొద్ది నిమిషముల కాలమే లభించును. పూర్వుల కృతులతో పాటు సమీప కాలపు రచన యొకటి వాయింపవలెనని ఉపాధ్యాయులు కోరుటయు కలదు. అట్టి చిన్న కృతిని ఎన్నుకొను విధమేదో తెలిసికొందము.

ముందుగా వాద్యము సంగతి చూతము. పియానోకు 88 మెట్లు కలవు. అందు 52 తెల్లనివి, 36 నల్లనివి. మెట్టును నొక్కగానే లోపలి చిన్న సుత్తి తీగను కొట్టును. వ్రేలు తీసినంతనే మెత్తని దిమ్మె యొకటి తీగపై వాలి నాదమును అణచును. కుడికాలి క్రింది పెడలును త్రొక్కి యుంచినచో దిమ్మెలన్నియు పైకి లేచి, నాదము తనంతట సన్నగిల్లువరకు నిలుచును. మరియొక విశేషము కలదు. వైణికుడు తన వీణను వెంట తెచ్చుకొనును. పియానో వాయించువాడో, సభలో నున్న వాద్యముతోనే సరిపెట్టుకొనవలెను.

నవీన సంగీతము పెద్దలకే గాని పిల్లలకు తగదనుట పొరపాటు. హంగరీ దేశపు విద్వాంసుడు బేలా బార్టోక్ 1926 మొదలు 1939 వరకు 153 చిన్న కృతులను రచించి, సులభమైన వానినుండి కఠినమైన వానివరకు ఆరు సంపుటములుగా కూర్చెను. వాని పేరు 'మిక్రోకాస్మోస్'. మొదటి రెండు సంపుటములను తన కుమారునకు అంకితమిచ్చెను. అతని తరువాతివాడైన లిగెటి 1951, 1953 సంవత్సరముల నడుమ 11 కృతుల మాల యొకటి రచించెను. అందు మొదటి కృతి ఒకే స్వరమును వివిధ స్థాయిలలో నడపి, చివరకు మాత్రమే రెండవ స్వరమును వినిపించును. చూచుటకు సులభము, వేగముచేత కఠినము. కుర్టాగ్ అను మరియొక హంగరీ విద్వాంసుడు 1973లో 'ఆటలు' అను పేర కృతులు వ్రాయ నారంభించెను. వానిలో కొన్నింటిని అరచేతితోను ముంజేతితోను గూడ వాయింపవలెను. కొన్ని ఒకటి రెండు పంక్తులలోనే ముగియును.

ఇక ఎంపిక యెట్లు జరుగునో ఒక ఉదాహరణముతో చూతము. పదమూడేండ్ల బాలిక యొకతె కలదనుకొనుడు. తోటివారందరు వేగమైన కృతులను ఎన్నుకొనిరి. ఉపాధ్యాయిని ఆమె ముందు 'ఫ్యూర్ అలీనా' అను రెండు పుటల కృతిని ఉంచినది. ఎస్టోనియా దేశీయుడైన ఆర్వో పార్ట్, కొన్ని సంవత్సరములు రచన దాదాపు మాని ప్రాచీన క్రైస్తవ గానమును అధ్యయనము చేసి, 1976లో దీనిని వ్రాసెను. పరదేశమునకు వెడలిపోయిన పరిచితుల కుమార్తె పేరిట వెలసిన కృతి యిది.

దీనికి తాళసంజ్ఞ లేదు. ఆరంభమున మంద్రస్వరము నొకదానిని మ్రోగించి పెడలును త్రొక్కి యుంచవలెను. ఆ నాదము తంబురా శ్రుతివలె అడుగున నిలుచును. కుడిచేయి రాగమును నడపును. ఎడమచేయి దాదాపు అంతటను మూడు స్వరములనే ఆశ్రయించును. ఒక్కొక్క వాక్యమునకు ఒక్కొక్క స్వరము పెరిగి, నడుమనుండి మరల తగ్గును. తుది సమీపించునప్పుడు ఒక్కసారి మాత్రమే పెడలును విడువవలెను.

బాలిక స్వరములను ఒక దినములో నేర్చుకొనును. "ఇంత సులభమైనది వాయించినచో నన్ను చూచి నవ్వరా?" అని చింతించును. కాని వాయించి చూచినకొలది అసలు కష్టము బయటపడును. రెండు చేతుల స్వరములు ఒకే క్షణమున, ఒకే మెత్తదనముతో పలుకవలెను. ఒక వ్రేలు బరువైనను అందరికి వినబడును. వేగమైన కృతిలో చిన్న తప్పు ప్రవాహములో కొట్టుకొనిపోవును. ఇచట దాగుటకు చోటు లేదు. స్వరములనడుమ నిశ్శబ్దమునకు జంకక నిలుచుటయే ఈ కృతిలోని పరీక్ష.

కావున కృతిని ఎన్నుకొనువారు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. నా చేతికి ఈ స్వరముల యెడము అందునా? సభలోని పియానోపై పెడలు ఎంతసేపు నాదమును నిలుపునో ముందుగా చూచితినా? మనస్సు కలత చెందినను దీనిని తుదముట్టింపగలనా? అన్నిటికంటె ముఖ్యముగా, దీనిని ఇతరులకు వినిపింపవలెనను కోరిక నాకు నిజముగా కలదా?

శక్తికి మించిన కృతిని పట్టుకొని తొట్రుపడుటకంటె, చిన్న కృతిని సంపూర్ణముగా వినిపించుట మేలు. కృతి నిడివి చిన్నదైనంతమాత్రమున విద్య చిన్నది కాదు. ఆ బాలిక చివరి స్వరమును నొక్కి, అది తనంతట అణగిపోవువరకు చేతులు కదపక కూర్చుండి, ఆ తరువాతనే లేచినచో, ఆమె ఎంపిక సరియైనదని సభవారే గ్రహింతురు.