బండి నంబరు చెప్పినంత మాత్రాన షోరూం మనిషి కాడు

ఇప్పుడు తమిళనాడులో ఉన్న తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఇటు తిరువళ్లూరు దాకా తెలుగు మాట్లాడే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో. అందుకే "సార్, మీ కారు వారంటీ అయిపోతోంది, ఈరోజే కడితే సగం ధరకు రెండేళ్లు పొడిగిస్తాం" అని ఫోన్లో తెలుగు గొంతు వినబడగానే మనవాడే అనిపిస్తుంది. ఆ నమ్మకం చుట్టూ అల్లుకున్న అపోహలు ఇవి.

అపోహ: నా పేరు, టీఎన్ 20 బండి నంబరు, బండి కొన్న తేదీ అన్నీ సరిగ్గా చెప్పాడు. కంపెనీవాడే.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. షోరూంలో, ఫైనాన్స్ ఆఫీసులో, ఇన్సూరెన్స్ ఏజెంటు దగ్గర, సర్వీసు సెంటర్లో ఆ వివరాలన్నీ మనమే రాసిచ్చాం. అంతెందుకు, కేంద్ర రవాణా శాఖే వాహనాల సమాచారాన్ని రుసుము తీసుకుని ఇచ్చింది. 87 ప్రైవేటు సంస్థలకు ఆ సమాచారం అందుతోందని, 65 కోట్ల రూపాయల ఆదాయం వచ్చిందని 2019లో పార్లమెంటుకు చెప్పింది. గోప్యత దెబ్బతింటుందన్న ఆందోళనతో టోకున సమాచారం అమ్మే విధానాన్ని 2020లో రద్దు చేశారు. ఇన్ని చేతులు మారిన వివరాలు చెప్పడం నిజాయితీకి రుజువు కాదు.

అపోహ: గడువు దాటినా ఫోన్లో డబ్బు కడితే వారంటీ పొడిగిస్తారు.

వాస్తవం: కంపెనీ ఎక్స్‌టెండెడ్ వారంటీని సాధారణంగా అసలు వారంటీ ఉండగానే, షోరూం ద్వారా తీసుకోవాలి. ఆర్‌సీ పట్టుకుని షోరూంకు వెళ్లి అడగండి. ఎవరో ఒక మనిషి పేరున్న యూపీఐ ఖాతాకు పంపమంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

అపోహ: ఐఆర్‌డీఏఐ నుంచే ఫోన్ చేసి, చవగ్గా బండి ఇన్సూరెన్స్ ఇస్తామన్నారు.

వాస్తవం: ఐఆర్‌డీఏఐ బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ. పాలసీలు అమ్మదు, బోనస్‌లు ప్రకటించదు. నకిలీ పాలసీతో పోయేది ప్రీమియం ఒక్కటే కాదు. ఇన్సూరెన్స్ లేని బండికి మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు. అదే బండి ఎవరినైనా గుద్దితే పరిహారమంతా యజమాని నెత్తిన పడుతుంది. ఇల్లు అమ్ముకున్నా తీరని అప్పు కావచ్చు. పాలసీ నంబరును బీమా కంపెనీ సొంత వెబ్‌సైట్లో సరిచూసుకోండి.

అపోహ: చదువులేనివాళ్లే ఇలా మోసపోతారు.

వాస్తవం: చదువుకున్నవాళ్లనూ ఈ కాల్స్ వదలవు. అమెరికాలో ఉన్న మీ పిల్లలను అడగండి. 2021లో మూడు నెలల్లో 500 కోట్లకు పైగా ఇలాంటి కారు వారంటీ కాల్స్ చేసిన ముఠాకు అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2023లో దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

అపోహ: ఓటీపీ నేనే చెప్పాను, ఇక ఫిర్యాదు దండగ.

వాస్తవం: 2017 నాటి రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం, మీరు బ్యాంకుకు తెలిపాక ఖాతాలోంచి అక్రమంగా పోయే డబ్బుకు బ్యాంకుదే బాధ్యత. అందుకే సిగ్గుపడి దాచకండి. ముందు బ్యాంకుకు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ 1930 నంబరును ఈ రాత్రే ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో వేసిపెట్టండి.