జున్ను పాలు: దూడకెంత, ఇంటికెంత, సంఘానికెప్పుడు?

2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులో చేరింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. జిల్లాలు వేరైనా ఈ మూడు ప్రాంతాలలోనూ గేదె ఈనితే ఇరుగుపొరుగుకు జున్ను పాలు పంపడం ఆనవాయితీ. బేకరీలలో అమ్మే పాలలో నానిన స్పాంజి కేకు మెత్తగా నిలవాలంటే పిండి, కోడిగుడ్లు కావాలి. మన జున్నుకు అవేవీ అక్కరలేదు. గట్టిపడే గుణం ఆ పాలలోనే ఉంది. అయితే ఆ పాలు ఎవరికి ఎప్పుడు చెందాలో సభ్యులందరూ తెలుసుకోవడం అవసరం.

మొదటి హక్కు దూడది. గేదె దూడకు గాని, ఆవు దూడకు గాని తల్లి కడుపులో ఉండగా రోగనిరోధక శక్తి అందదు. అది ముర్రు పాల ద్వారానే రావాలి. ఆ రక్షక పదార్థాలను దూడ పేగులు పీల్చుకోగలిగేది పుట్టిన మొదటి 24 గంటలలోనే. అందులోనూ తొలి ఆరు గంటలు ముఖ్యం. కనుక ఈనిన గంట, రెండు గంటలలోపే తాగించాలి. దూడ బరువులో పదోవంతు లెక్కన, 30 కిలోల దూడకు మొదటి రోజు సుమారు 3 లీటర్లు రెండు మూడు దఫాలుగా పట్టాలి. మాయ పడేదాకా దూడను వదలరాదని కొందరు ఆపుతారు. అది సరికాదు. దూడ చీకడం మాయ పడడానికి కూడా తోడ్పడుతుంది.

దూడ తాగగా మిగిలినవే జున్నుకు తీయాలి. మొదటి పూట పాలు మిక్కిలి చిక్కన. గ్లాసుకు రెండు గ్లాసుల మామూలు పాలు కలపాలి. రెండవ రోజు పాలకు సమానంగా కలిపితే చాలు. మూడవ రోజు పాలలో ఏమీ కలపనక్కరలేదు. లీటరుకు సుమారు పావుకిలో బెల్లం తురిమి కరిగించి, వడకట్టి, మిరియాల పొడి, యాలకుల పొడి వేయాలి. గిన్నెకు మూతపెట్టి, అడుగున నీళ్ళు పోసిన ఇడ్లీ పాత్రలో సన్నని సెగపై సుమారు అరగంట ఆవిరి పట్టాలి. పుల్ల గుచ్చితే అంటకుండా రావాలి. వేడికి పాలలోని మాంసకృత్తులు గుడ్డు తెల్లసొన వలె బిగుసుకుంటాయి. మంట ఎక్కువైతే జున్ను బెజ్జాలు పడి నీరు వదులుతుంది. ముందుగా చిన్న గిన్నెలో కొద్దిగా ఉడికించి చూసుకుంటే పాళ్ళు సరిచేసుకోవచ్చు.

జున్నును గట్టిపరిచే ఈ గుణమే సంఘం పాలకు చేటు. ముర్రు పాలలో ఘనపదార్థాలు ఎక్కువ కనుక లాక్టోమీటరు వాటిని పట్టించదు, పైగా మంచి పాలనే చూపుతుంది. కాని పరీక్షనాళికలో పోసి మరిగే నీటిలో ఉంచగానే గడ్డ కడతాయి. ఒక సభ్యుడు పోసిన ముర్రు పాలు క్యానులో కలిస్తే, కేంద్రంలో క్యాను మొత్తాన్ని తిప్పి పంపవచ్చు. ఆ నష్టం పాలు పోసిన సభ్యులందరిదీ అవుతుంది. అమ్మే పాలలో ముర్రు పాలు ఉండరాదని ఆహార చట్టం నిబంధనలు కూడా చెబుతున్నాయి.

కనుక సభ్యులు గేదె ఈనిన తేదీని సంఘం కార్యదర్శికి తెలియజేసి, మొదటి ఐదు రోజుల పాలు ఇంటనే ఉంచుకుని, ఆరవ రోజు నుంచి సంఘానికి పోయవలసిందిగా కోరుతున్నాము.