ఉక్కు తాటికి క్లాంపు, గొలుసుకు షాకిలు: బోరు మోటారు ఎత్తే ముందు తెలియవలసిన సంగతులు

మన కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాలలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటియు లేదు. బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీరు 2018 నుండి కె.సి. వ్యాలీ పథకం ద్వారా కోలారు చెరువులకు చేరుచున్నది. అయినను రైతుకు బోరుబావియే దిక్కు. వేయి అడుగులు దాటిన బోర్లు మన గ్రామాలలో వింత కాదు. మోటారు కాలిపోయినను, నీటిమట్టం క్రిందికి దిగినను, గొట్టాలన్నిటినీ ఒక్కొక్కటిగా పైకి లాగి, మరల దింపవలసినదే. ఈ పనిలో మోటారు ధర, బోరు లోతు, గొట్టాల రకం గురించి రైతులు గంటల తరబడి మాట్లాడుకొందురు. ఆ బరువునంతటినీ పట్టి ఉంచే పిడికెడంత ఇనుప ముక్కల గురించి మాత్రం ఎవ్వరూ అడుగరు. ఉక్కు తాటి కొసను మడిచి బిగించే క్లాంపులు, గొలుసును కొక్కెంతో కలిపే షాకిళ్ళు, లింకులు అనే ఈ చిన్న వస్తువుల గురించియే ఈ వ్యాసం.

మొదట బరువు సంగతి చూతము. రెండు అంగుళాల మధ్యరకం జీ.ఐ. గొట్టం ఇరవై అడుగుల పొడవుది ఒక్కటి సుమారు 31 కిలోలు తూగును. వేయి అడుగులకు ఏబది గొట్టాలు, అనగా 1,550 కిలోలు. ఇంతటితో లెక్క ముగియదు. పంపు పైనున్న నాన్-రిటర్న్ వాల్వు నీటిని క్రిందికి జారనీయదు గనుక, పైకి లాగునప్పుడు గొట్టం నిండా నీరు నిలిచి ఉండును. ఆ గొట్టంలో మీటరుకు రెండు లీటర్లకు పైగా నీరు పట్టును. 305 మీటర్లకు దాదాపు 670 కిలోలు. దీనికి మోటారు, పంపు, కేబులు కలిపిన యెడల మొత్తం రెండు వేల మూడు వందల కిలోలకు తక్కువ కాదు. "ఖాళీ గొట్టాలే గదా" అని అనుకొనువారు ఈ నీటి బరువును మరచిపోదురు. ప్లాస్టిక్కు గొట్టాలు వేసినవారికి గొట్టపు బరువు తగ్గును గాని, నీటి బరువు తగ్గదు.

ఇప్పుడు తాటి సంగతి. 10 మిల్లీమీటర్ల ఉక్కు తాడు, నార గుండె గలది, మామూలు 1770 గ్రేడు అయినచో, సుమారు 5,900 కిలోల వద్ద తెగును. తెగే బరువుకు, మోయదగిన బరువుకు నడుమ అయిదింతల వ్యత్యాసం ఉండవలెనన్నది ఎత్తే పనులలో పాటించే నియమం. ఎందుకనగా బరువు నిశ్చలంగా వేలాడదు. కుదుపు వచ్చును, గొట్టం బోరు గోడకు తట్టుకొని హఠాత్తుగా విడివడును, తాడు ఏండ్ల తరబడి ఎండకు వానకు తడిసి తుప్పు పట్టి ఉండును. అయిదవ వంతు అనగా 1,180 కిలోలు. కొసను క్లాంపులతో మడిచి బిగించితిమా, ఎంత చక్కగా బిగించినను ఆ చోట తాటి బలంలో ఎనుబది పాళ్ళు మాత్రమే నిలుచును. మిగిలినది 950 కిలోలకు దిగువ. రెండు టన్నుల పైచిలుకు బరువును ఇటువంటి తాటికి వ్రేలాడదీయుట ఎంత సాహసమో పాఠకులే ఊహింపగలరు. నిన్నటి వరకు తెగలేదు గదా అని వాదించువారికి, నిన్నటి వరకు మిగిలిన ఆ అయిదింతల ఎడమునే మనం తిని బ్రతుకుచున్నామని చెప్పవలసి ఉన్నది.

క్లాంపు అంటే ఏమి? ఆంగ్ల అక్షరం యు ఆకారంలో వంచిన ఒక బోల్టు, రెండు నట్లు, గాడులు గల ఒక పీట. కొందరు దీనిని బుల్‌డాగ్ క్లాంపు అందురు; భారతీయ ప్రమాణ సంస్థ 2361 సంఖ్యతో దీనికి ప్రమాణం ఏర్పరచినది. తాటి కొసను మడిచినప్పుడు రెండు పోగులు ప్రక్క ప్రక్కన వచ్చును. బరువు మోసేది ఒకటి, మిగులు కొస మరియొకటి. పీట తప్పనిసరిగా బరువు మోసే పోగు మీద కూర్చుండవలెను. యు-బోల్టు వంపు మిగులు కొస మీద పడవలెను. తాటి మెలికకు సరిపడునట్లు గాడులు చెక్కిన పీట వెడల్పుగా ఒత్తును గనుక పోగు నలగదు. యు-బోల్టు సన్నని వంపుతో కొరుకును. అది కొరికిన చోట తీగలు చితికిపోవును. చితికిన పోగు మిగులు కొసయే అయితే నష్టం లేదు, దాని మీద బరువు దాదాపు ఉండదు. మోసే పోగే చితికినచో తాటి చేవ సగానికి సగం పడిపోవచ్చును. ఆంగ్లేయ కార్మికులలో దీనికొక మాట కలదు: చచ్చిన గుర్రానికి జీను వేయకుము అని. ఆ భాషలో పీటను జీను అనియే అందురు. మా తరగతిలో ఘర్షణ పాఠం చెప్పునప్పుడు నేను ఈ మాటను కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పుదును; పిల్లలు సూత్రాన్ని మరచినను గుర్రాన్ని మరువరు.

ఇక్కడ ఒక దురలవాటును ప్రత్యేకంగా చెప్పవలెను. చాలామంది క్లాంపులను ఒకటి ఇటు, ఒకటి అటు, ఎదురుబొదురుగా బిగింతురు. చూపునకు అది సమతూకంగా, బలంగా కనబడును. నిజానికి మూడింటిలో ఒక్కటి తిరుగబడినను మోసే పోగు ఆ చోట నలుగును గదా! అన్నిటి పీటలు ఒకే వైపున, మోసే పోగు మీదనే ఉండవలెను.

అంగడిలో కొనునప్పుడు రెండు రకాలు చూపుదురు. పోత ఇనుముతో చేసినవి చవుక. వాటి అంచులలో పోత గీత, గరుకుదనం కనబడును. పోత పోయక సమ్మెటతో కొట్టి రూపుదిద్దిన ఉక్కువి బరువుగా, నునుపుగా ఉండి, వాటి పీట మీద కొలత ముద్రించి ఉండును. పందిరి తీగలకు, కంచెకు పోతవి చాలును. మనిషి తల మీద బరువు వ్రేలాడే చోట పోతవి వాడరాదు. కొలతలో సూతులకు, మిల్లీమీటర్లకు నడుమ గందరగోళం తరచుగా జరుగును: మూడు సూతులు అనగా అంగుళంలో ఎనిమిదింట మూడు పాళ్ళు, దాదాపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, నాలుగు సూతులు పన్నెండున్నరకు కొంచెం పైన. పది మిల్లీమీటర్ల తాటికి పన్నెండు మిల్లీమీటర్ల క్లాంపు వేసి గట్టిగా బిగించితే చాలుననుట అపోహ, అది జారును. తాటి వ్యాసం కొలుచునప్పుడు కూడ పోగుల ఎత్తైన ఉబ్బుల మీదుగా కొలువవలెను, పల్లాల మీదుగా కాదు. ప్లాస్టిక్కు తొడుగు గల తాడైనచో క్లాంపు పడే మేర తొడుగును ఒలిచివేయవలెను.

బిగించు విధానం ఇట్లు. కంటిలో మొదట థింబుల్ పెట్టవలెను. అది గాడి గల లోహపు కన్ను, లేకున్న తాడు కొక్కెం మీద పదునుగా వంగి అక్కడే తెగును. పది మిల్లీమీటర్ల తాటికి కనీసం మూడు క్లాంపులు, ఒక అడుగు మడత ఉంచుకొనుట క్షేమం. మొదటి క్లాంపు మిగులు కొస అంచుకు దగ్గరగా, పీట వెడల్పంత ఎడంతో వేసి బిగించవలెను. రెండవది థింబుల్‌కు ఆనుకొని, కొంచెం వదులుగా. మూడవది ఆ రెండింటి నడుమ. క్లాంపుకు క్లాంపుకు మధ్య తాటి వ్యాసానికి ఆరింతలు, అనగా ఆరు సెంటీమీటర్ల ఎడం. తరువాత రెండు పోగులలోని వదులు పోవునట్లు తాటిని లాగి పట్టుకొని, నట్లను ఒకటి విడిచి ఒకటిగా కొంచెం కొంచెం బిగించుచు పోవలెను. ఒకే నట్టును ఒకేసారి చివరిదాక తిప్పినచో పీట వాలును. ఎంత బిగువు అంటే, పది మిల్లీమీటర్ల ఉక్కు క్లాంపునకు ఒక అడుగు పొడవు గల స్పానరు కొసన సుమారు ఇరవై కిలోల బలం. పొడవైన గొట్టం తొడిగి తిప్పి, బలమంతా చూపినచో బోల్టు మర సాగిపోవును. అది కూడ ప్రమాదమే.

అందరూ విడిచిపెట్టే పని ఒకటి మిగిలి ఉన్నది. మొదటి బరువు పడిన తరువాత నట్లను మరల బిగించవలెను. ఉక్కు తాటిలో తీగలు పోగులుగా, పోగులు తాడుగా అల్లబడి ఉండును. బరువు పడగానే అల్లిక సర్దుకొని తాడు సన్నబడును. తాడు సన్నబడితే క్లాంపు వదులగును. కావున మొదట బరువును అడుగు ఎత్తు లేపి, నిలిపి, దింపి, నట్లు చూడవలెను. పని అయిదు రోజులు సాగినచో అయిదు ఉదయాలు చూడవలెను.

ఇంత చెప్పిన పిదప నా అభిప్రాయం స్పష్టంగా చెప్పెదను. క్లాంపులతో అక్కడికక్కడ చేసిన ఉచ్చు మోటారు ఎత్తుటకు తగినది కాదు. త్రికాటం నిలబెట్టుటకు లాగి కట్టే తాళ్ళకు, పందిళ్ళకు, స్తంభాలకు అది చాలును. ఎత్తుటకు మాత్రం కర్మాగారంలో లోహపు గుల్ల తొడిగి యంత్రంతో అదిమిన కళ్ళు గల తాడు కొనవలెను. దానికి మోయదగిన బరువు ముద్రించిన బిళ్ళ ఉండును. మన రెండు టన్నుల పైచిలుకు బరువుకు పదహారు మిల్లీమీటర్ల తాడు కావలెను. ఎత్తే బండ్లవారు దీనికి ఖర్చు ఎక్కువని అందురు. వేయి అడుగుల బోరులో గొట్టాలన్నీ కూలి ఇరుక్కున్న నాడు ఆ బోరు ఇక రైతుది కాదు. ఆ ఖర్చు ముందు ఒక తాటి ధర ఎంత?

గనుల వారికి ఈ సంగతి బాగుగా తెలియును. ఉక్కు తాటిని మొదట వాడుకలోకి తెచ్చినది 1834లో జర్మనీ గనులలో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అను అధికారి. మన ప్రక్కనే మూడు కిలోమీటర్ల లోతు దాటిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడు వరకు, మన ఊళ్ళ నుండి పోయిన తెలుగువారు, తమిళులు ప్రతిదినం ఇటువంటి తాళ్ళను నమ్ముకొనియే పాతాళంలోనికి దిగిరి. గనులలో తాటి కొసను ఎన్నాళ్ళైనను అట్లే ఉంచరు. కొంతకాలానికి కొసను నరికివేసి, కొత్తగా కట్టు కట్టుదురు. ఎందుకనగా తాడు మొత్తం బాగున్నను చెడేది మొదట ఆ కట్టు వద్దనే.

గొలుసుల విషయానికి వత్తము. అంగడిలో తూకానికి అమ్మే మామూలు గొలుసు వేరు, ఎత్తే పనికి చేసిన గొలుసు వేరు. రెండవదాని లింకుల మీద 8 లేక 80 అని గ్రేడు ముద్ర ఉండును. ఆ గ్రేడు గొలుసు ఎనిమిది మిల్లీమీటర్లది రెండు టన్నులు, పది మిల్లీమీటర్లది 3.15 టన్నులు మోయును. అదే మందం గల మామూలు గొలుసు అందులో సగం కూడ మోయదు. తెగిన లింకు చోట బోల్టు నట్టు దూర్చి కలుపుట, లింకును తెరచి వెల్డింగు పెట్టుట మన వర్క్‌షాపులలో నిత్యం చూచెదము. వెల్డింగు వేడికి గ్రేడు గొలుసులోని పదను పోవును. పొట్టి చేయుటకు గొలుసుకు ముడి వేయుట అంతకంటె ఘోరం.

గొలుసును కొక్కెంతో, క్లాంపుతో కలుపుటకు షాకిలే తగినది. పన్నెండు మిల్లీమీటర్ల మంచి విల్లు షాకిలు రెండు టన్నులు, పదహారుది 3.25 టన్నులు మోయును. అంకె దాని ఒంటి మీద ముద్రించి ఉండును. ముద్ర లేనిది వద్దు. మన బరువుకు రెండవదే సరి. షాకిలు పిన్ను పోయినచో దాని బదులు చేతికందిన బోల్టు వేయుదురు. బోల్టు ఉక్కు వేరు, మర ఉన్న చోట సన్నము గూడ. పిన్నును చివరిదాక తిప్పి, అది వదులు కాకుండ సన్నని తీగతో కట్టవలెను. బరువు షాకిలు నడిమి గీతగా లాగవలెను. పిన్నుకు అడ్డంగా, పక్కకు లాగినచో దాని బలం సగానికి తగ్గును. నట్టుతో మూసే చిన్న లింకులు ఉయ్యాలకు, గేటుకు పనికివచ్చును. అక్కడ కూడ నట్టు పూర్తిగా మూసుకొనవలెను, కదలికకు తెరచుకొనకుండ క్రిందికి బిగిసేలా పెట్టవలెను.

త్రికాటం కొనకు చుట్టిన ఉచ్చు రెండు కాళ్ళుగా దిగునప్పుడు కోణం గమనించవలెను. కాళ్ళు దాదాపు నిటారుగా ఉన్నప్పుడు ఒక్కొక్కటి సగం బరువు మోయును. రెండింటి నడుమ 90 డిగ్రీలు ఏర్పడిన ఒక్కొక్కదాని మీద 70 పాళ్ళు పడును. 120 డిగ్రీలైతే ఒక్కొక్క కాలు మొత్తం బరువంతా మోయవలసి వచ్చును. రెండు తాళ్ళున్నవని ధైర్యపడువారు ఈ లెక్క తప్పక చూడవలెను.

తాటిని పారవేయుట ఎప్పుడు? ఒక పోగు తాడు చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగే పొడవులో ఆరు తీగలు తెగి కనబడినను, ఒకే పోగులో మూడు తెగినను ఇక ఎత్తే పనికి వాడరాదు. చేతికి గుడ్డ చుట్టుకొని తాటి మీద నెమ్మదిగా నడిపినచో తెగిన తీగలు గుడ్డకు తగులుకొనును. క్లాంపు విప్పిన చోట నలిగిన గుర్తు ఉన్నచో ఆ భాగం నరికివేసి క్రొత్తగా మడవవలెను. అదే నలిగిన చోట మరల కట్టరాదు.

పంపుకు కట్టి బోరులోనికి వదిలే రక్షణ తాటి గురించి ఒక్క మాట. గొట్టం ఊడినప్పుడు పంపు అడుగుకు పోకుండ ఇది ఆపునని నమ్మకం. ఎనిమిది మిల్లీమీటర్ల తాడు కొత్తదైనను 3,800 కిలోల వద్ద తెగును. క్లాంపు తరువాత మూడు వేలు. రెండు వేల మూడు వందల కిలోలు అడుగు ఎత్తు పడినను, ఆ జర్కుకు ఇది తట్టుకొనదు. పంపు ఒక్కటి, దానితో నాలుగైదు గొట్టాలు మాత్రమే ఊడినప్పుడు ఇది ఉపయోగపడును. నీటిలో ఉండే క్లాంపులు స్టెయిన్‌లెస్సువి కాకున్న రెండు మూడేండ్లలో తుప్పు పట్టి నట్టు కదలక బిగిసికొనును. విప్పవలసి వచ్చినప్పుడు కోయుటయే మార్గం.

తాడు గాని గొలుసు గాని తెగినప్పుడు వెనుకకు ఎగిరిపడి కొట్టును. గొట్టాలు లేచునప్పుడు బోరు చుట్టూ పిల్లలు గుమిగూడుట మన ఊళ్ళలో మామూలే. త్రికాటం ఎత్తుకు రెట్టింపు దూరంలో వారిని నిలుపవలెను. తాడు లాగబడే గీతలో పెద్దలు కూడ నిలువరాదు. త్రికాటం నిలబెట్టే ముందు పైన విద్యుత్తు తీగలు ఉన్నవేమో చూచుట, ఉన్నచో లైన్‌మన్‌ను పిలిపించి సరఫరా ఆపించుట మరువరాదు.