మీకు తెలుసా? లింకన్‌కే దొరకని లింకన్ వంశం

అబ్రహం లింకన్‌కు తన పూర్వీకుల గురించి తెలిసింది చాలా తక్కువ. తాత వర్జీనియా నుంచి కెంటకీ అడవుల్లోకి వలస వచ్చాడు. 1786లో పొలం దగ్గర ఉండగా ఆదివాసుల దాడిలో చనిపోయాడు. అంతకు ముందువాళ్లది పెన్సిల్వేనియా. న్యూ ఇంగ్లండ్ లింకన్లతో చుట్టరికం ఉందేమోనని ఆరా తీస్తే, రెండు వైపులా మొర్డెకై, అబ్రహం లాంటి పేర్లు కలిశాయి తప్ప మరో ఆధారం దొరకలేదని 1859లో ఆయనే రాసుకున్నాడు. పేర్లు చూపిన దారి సరైనదే. 1637లో ఇంగ్లండ్ నుంచి న్యూ ఇంగ్లండ్‌లోని మాసచుసెట్స్ చేరిన శామ్యూల్ లింకన్ దాకా పరిశోధకులు ఆ తర్వాత వెళ్లగలిగారు. శామ్యూల్ కొడుకుల్లో ఒకడి పేరు మొర్డెకై!

తల్లిదండ్రుల పెళ్లి కాగితం కూడా లింకన్ బతికుండగా బయటపడలేదు. అసలు పెళ్లే కాలేదన్న పుకారు అందుకే అంతగా పాకింది. వాళ్లు కాపురం పెట్టింది హార్డిన్ కౌంటీలో, కాగితం ఉన్నది వాషింగ్టన్ కౌంటీ కోర్టులో. 1806 జూన్ 10న రాసిన పూచీకత్తు అది. ఈ పెళ్లికి చట్టపరంగా అడ్డేదైనా తేలితే 50 పౌండ్లు కట్టుకుంటామని పెళ్లికొడుకు థామస్ లింకన్, అతనితోపాటు పూచీదారుగా రిచర్డ్ బెర్రీ సంతకం చేశారు. పెళ్లికూతురు నాన్సీ హాంక్స్ పేరుంది, సంతకం లేదు. రెండు రోజులకు పెళ్లయింది. వలస కుటుంబాల కూపీ లాగేవాళ్లు ఇలాంటి కాగితంలో ముందు పూచీదారు పేరు చూస్తారు. చాలాసార్లు అతను ఆడపిల్ల తరఫు మనిషే అయివుంటాడు.

కెంటకీ మొత్తం 1776లో వర్జీనియా కింద ఒకే ఒక్క కౌంటీ. 1780లో మూడయింది, ఇప్పుడు 120. ఇల్లు కదలకుండానే ఒక కుటుంబం రెండు మూడు కౌంటీల రికార్డుల్లోకి ఎక్కేది. అందుకే ఊరు తెలిస్తే సరిపోదు, ఆ ఏడాది అది ఏ కౌంటీలో ఉందో తెలియాలి.

1790 నుంచి 1840 వరకు అమెరికా జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసేవారు. మిగతావాళ్లంతా వయసుల వారీ గడుల్లో అంకెలు. 1820లో 11 ఏళ్ల లింకన్ కూడా 10 నుంచి 16 లోపు మగపిల్లల గడిలో ఒక అంకె మాత్రమే. స్వేచ్ఛగా ఉన్నవాళ్లందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. బానిసలకు అప్పుడూ ఆ భాగ్యం లేదు. 1850, 1860 పట్టికల్లో వాళ్లను యజమాని పేరు కింద వయసు, ఆడామగా, రంగు చెప్పి వదిలేశారు. వాళ్లలో చాలామంది పేర్లు జనాభా లెక్కలకు ఎక్కింది 1870లోనే. అదే అడవిని నరికి, అదే నేలను దున్నినవాళ్ల సంతతి నేడు తాతముత్తాతల కోసం యజమానుల వీలునామాలు, ఆస్తి జాబితాలు తిరగేయాల్సి వస్తోంది. ఈ వెతుకులాటలో ఇంతకన్నా బాధ పెట్టే విషయం నాకు కనిపించదు.

ఆడవాళ్ల పేర్లు కావాలా? భూమి అమ్మకం దస్తావేజు చివరిదాకా చదవాలి. భర్త ఆస్తిలో భార్యకు జీవితకాల హక్కుండేది కాబట్టి, ఆమెను భర్తకు దూరంగా కూర్చోబెట్టి, ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నావా అని అడిగి జవాబు రాసేవారు. కొందరు ఇల్లాళ్ల సొంత పేరు మిగిలింది ఆ నాలుగు వాక్యాల్లోనే.

కెంటకీలో భూముల హద్దులు చెట్లను బట్టి, వాగులను బట్టి రాసేవారు. ఒకే నేల మీద ఇద్దరు ముగ్గురికి పట్టాలుండేవి. వలసదారులకు దారి చూపిన డేనియల్ బూన్ అక్కడ భూములు పోగొట్టుకున్నది ఈ చిక్కుల్లోనే. థామస్ లింకన్ 1816లో ఇండియానాకు వెళ్లిపోవడానికి ముఖ్య కారణం కూడా అదేనని కొడుకు రాశాడు. వాళ్లను ముంచిన ఆ వ్యాజ్యాలే ఇప్పుడు వంశ చరిత్రకు గని. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నది సాక్షులు ప్రమాణం చేసి చెప్పారు మరి.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సైనికుల వితంతువులు పింఛను కోసం పెళ్లి రుజువు చూపాల్సి వచ్చేది. రిజిస్టరు లేనిచోట కొందరు పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసుకున్న ఇంటి బైబిల్ పేజీనే చింపి పంపారు. వాషింగ్టన్‌లోని జాతీయ ఆర్కైవ్స్ ఫైళ్లలో ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి.