తుప్పు బోల్టుతో తొందరపడితే బండికే చేటు

నల్లగొండ: 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక మిర్యాలగూడ ప్రాంతంలో వరి సాగు పెరిగింది. బురదలో దమ్ము చేసే ట్రాక్టర్ల బోల్టులకు త్వరగా తుప్పు పడుతుంది. మూలన పడిన పాత బండిని బాగు చేయించాలనుకునే రైతుకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే.

పింజోర్‌లో 1971 నుంచి ట్రాక్టర్లు తయారుచేసిన హెచ్.ఎం.టి. విభాగం మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. అలాంటి పాత బండిలో పోత ఇనుప భాగం పగిలితే కొత్తది దొరకడం కష్టం. కనుక బలప్రయోగం పనికిరాదు.

తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్లనే మర బిగుసుకుపోతుంది. ముందుగా తీగ బ్రష్షుతో మట్టి, తుప్పు గీకివేయాలి. డీజిల్ పోసి రాత్రంతా నాననివ్వాలి. ఉదయం బోల్టు తలపై సుత్తెతో మెల్లగా తట్టాలి. ఫిక్స్ పానా జారి నట్టు మూలలు అరుగుతాయి కనుక రింగు పానా వాడాలి. కొద్దిగా బిగించి, ఆ తరువాత వదులు చేయాలి. పానాకు పొడవాటి గొట్టం తగిలించి ఊపితే బోల్టు తెగుతుంది.

అప్పటికీ కదలకపోతే డీజిల్ పూర్తిగా తుడిచి, మెకానిక్ చేత నట్టును వేడి చేయించాలి. వేడికి నట్టు సాగి పట్టు సడలుతుంది. డీజిల్ ట్యాంకు, పైపులు, రబ్బరు సీళ్ళ దగ్గర మంట పెట్టరాదు. కాలిన పోత ఇనుముపై నీళ్ళు చల్లితే బీట వారుతుంది. బోల్టు తెగినా, పైకి కనిపించే ముక్కకు నట్టు వెల్డింగు చేయించి తిప్పితే బయటికి రావచ్చు.

దమ్ము ముగిసిన వెంటనే బండి కడిగి, ఆరబెట్టి, బయటి బోల్టులకు పైపైన గ్రీజు పూస్తే ఇన్ని తిప్పలు ఉండవు.